ఓపాలి లాగి సూడు

మా బావ బంగారయ్య ఆఖరిసారి చేసిన పని డాబా మీద బట్టల తాడు కట్టడం.

ఆ వేళ ఆదివారం. పాత తాడు ఎండకి పీచుపీచైపోయిందని మా అక్క సన్యాసమ్మ వారం రోజులుగా సణుగుతోంది. ఆయన పొద్దున్నే కొత్త తాడు పట్టుకుని పైకెక్కాడు. ఒక కొస నీళ్ళ ట్యాంకు పైపుకి, రెండో కొస పిట్టగోడలో దిగ్గొట్టిన ఇనప కొక్కేనికి కట్టాడు. కట్టి, డాబా అంచుకొచ్చి మా కిటికీలోకి కేకేశాడు. కలకత్తా వాట్‌గంజ్‌లో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఎదురెదురు. మధ్యలో ఒక రిక్షా పోయేంత సందు. అందులోంచి కూడా రిక్షావాడు తిట్టుకుంటూనే పోతాడు.

"మాస్టారూ! ఓపాలి ఇలగొచ్చి లాగి సూడు!"

నేను పేపరు చదువుకుంటున్నాను. "బట్టల తాడే కద బావా. వేలాడేది మా అక్క చీరలు. నువ్వు కాదు కద?"

"మీ అక్క సీర తడిసిందంటే నాకన్నా బరువు. కబుర్లు సెప్పకు, బేగి రా."

వెళ్ళాను. పైపు దగ్గర రెండు వేళ్ళతో లాగాను, కొక్కెం దగ్గర రెండు వేళ్ళతో లాగాను. చూపు మాత్రం పక్కింటి వాళ్ళు ఎగరేస్తున్న గాలిపటం మీద ఉంది. "దారుణంగా ఉంది బావా. దీని మీద కాకి కూడా వాలదు," అన్నాను.

బావా బావమరదుల మధ్య మంచిమాట అనుకోవడం మా వైపు మర్యాద కాదు. బావ ఏది చేసినా బావుందనేవాడు బావమరిది కాడు, ఎవరో చుట్టపుచూపుగా వచ్చినవాడు. ఆయన నవ్వాడు. నవ్వి, వంగి, రెండు ముళ్ళూ మళ్ళీ దగ్గరగా చూశాడు. "బాగానే ఉన్నాయి," అని తనలో తను అనుకుని కిందికి దిగాడు. అక్కని టీ పెట్టమని కుర్చీలో కూర్చున్నాడు. టీ వచ్చేసరికి ఆయన లేడు. మా బావ టీ చల్లారనివ్వడం అదే మొదటిసారి.

ఆయనకి అరవై నాలుగేళ్ళు. అందులో ముప్పై ఆరేళ్ళు డాక్‌లో ఖలాసీ. క్రేను కొక్కెం కిందికి దిగగానే సరుకుకి తాళ్ళు బిగించి, చెయ్యి ఊపి, పైకి పంపడం ఆయన పని. వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి వచ్చి చేసిన పనీ అదే, నాన్న చేసిన పనీ అదే. తాళ్ళు మాత్రం జనపనార నుంచి ఇనుముకి, ఇనుము నుంచి నైలానుకి మారాయి. మారనిది వాళ్ళ ఇంటి సూత్రం ఒక్కటే: "కట్టినోడి కంటికి ముడి అగుపడదు." కట్టినవాడు తను ఎలా కట్టాలనుకున్నాడో అదే చూస్తాడట, ఎలా కట్టాడో చూడడట. అందుకని కట్టినవాడు కాక ఇంకొకడు లాగి చూడాలి. డాక్‌లో ఆ ఇంకొకడు గవరయ్య అని ఆయన జోడీ ఖలాసీ. ఇద్దరూ పాతికేళ్ళపాటు రోజుకి వందసార్లు ఒకరి ముడి ఒకరు లాగి, ఒకరినొకరు తిట్టుకుంటూ గడిపారు.

డాక్‌ బయట ఆ ఇంకొకడు ఎవరైనా సరే. మిఠాయి పొట్లానికి దారం కట్టుకున్నా కొట్టువాడి చేత లాగించేవాడు. పిల్లల బూట్ల తాడు కట్టి దారిన పోయేవాడిని ఆపేవాడు. అన్నిటికన్నా ఘనమైనది ఆయన పెళ్ళినాడు జరిగింది. అప్పుడు నాకు పదేళ్ళు. పురోహితుడు మంత్రాలు చదువుతుంటే ఆయన మా అక్క మెడలో మూడు ముళ్ళూ వేశాడు. వేసి, అలవాటు కొద్దీ తలెత్తి, అక్క వెనకే నిలబడి ఉన్న నాతో అన్నాడు: "ఏరా గుంటడా, ఓపాలి లాగి సూడు."

నేను చెయ్యి చాచాను కూడా. మా అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. పురోహితుడు మంత్రం మరిచిపోయాడు. మా అక్క తల వంచుకునే నవ్వింది. ఆ నవ్వుకి పూలజడ ఊగడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది.

ఇలాంటి మనిషి కొండలెక్కడానికి ఎలా పోయాడంటే, అదీ ఒక ముడి వల్లే. ఒక ఆదివారం మైదానంలో నడుస్తుంటే కొందరు బెంగాలీ కాలేజీ కుర్రాళ్ళు చెట్టుకి తాడు కట్టి ఎక్కడం దిగడం నేర్చుకుంటున్నారట. ఈయన నిలబడి పకపకా నవ్వాడట. వాళ్ళలో నీలాద్రి అనే అతనికి రోషం వచ్చింది. "ఎందుకు నవ్వుతున్నావు దాదా?" అని అడిగాడు. మా బావ వెళ్ళి ముడి ఒక్కసారి లాగాడు. తాడు చేతికొచ్చింది. పై ఆదివారానికల్లా ఆ కుర్రాళ్ళు ఆయన్ని పురూలియా బండల దగ్గరికి తీసుకుపోయారు.

అలా వాళ్ళ క్లబ్బులో ఆయన 'తాళ్ళ బంగార్‌దా' అయ్యాడు. ఇరవై అయిదేళ్ళు. ఎవరు ఎక్కినా తాడు ఈయనదే, ముడి ఈయనదే. గైడు మాత్రం వేరే. క్లబ్బు మెట్ల పక్కన ఒక నల్లబోర్డు ఉంది. దాని మీద తెల్లరంగుతో గైడుల పేర్లు రాసి ఉంటాయి. కొత్తవాళ్ళని కొండ మీదికి తీసుకుపోవాలంటే పేరు ఆ బోర్డు మీద ఉండాలి, ఆ పేరు ఉండాలంటే పరీక్ష కాగితం ఉండాలి. మా బావ ఆ బోర్డుకి దుమ్ము తుడిచేవాడు. తుడుస్తూ అన్ని పేర్లూ చదివేవాడు. తెలుగు ఆయనకి చదవడం రాదు. బెంగాలీ మాత్రం గడగడా వచ్చు.

యాభై ఎనిమిదేళ్ళు దాటితే పరీక్షకి కూర్చోనివ్వరు. ఆయనకి యాభై ఎనిమిది నిండబోతున్న చలికాలంలో ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, గడప మీద కూర్చుని, ఊరికే కాళ్ళు ఊపుతూ అన్నాడు: "మాస్టారూ, నానూ పరీచ్చకి పేరిచ్చినాను."

"ఏ పరీక్ష బావా? ఒకటో తరగతా?"

"నవ్వు. పేరు బోర్డెక్కినాక నువ్వే కొబ్బరికాయ కొడతావు."

పరీక్ష ఏమిటంటే, మేఘాలయలో ఒక సున్నపురాతి కొండ ఉంది. నిట్టనిలువు గోడ. దాన్ని ఒక్క తాడుతో ఎక్కలేరు. తాడు పొడుగెంతో అంత ఎక్కి, ఒక మెట్టులాంటి చోట ఆగి, కిందివాడిని పైకి తెచ్చుకుని, మళ్ళీ అక్కణ్ణించి మొదలుపెట్టాలి. క్లబ్బువాళ్ళు ఒక్కో తాడంత దూరాన్ని పిచ్ అంటారు, మా బావ మజిలీ అనేవాడు. మొత్తం నాలుగు మజిలీలు. ఈ జన్మలో రాయి ముట్టుకోని మనిషిని వెంటబెట్టుకుని నాలుగు గంటల్లో పైకి చేర్చాలి. ఆ ముట్టుకోని మనిషిని ఎవరికి వారే తెచ్చుకోవాలి.

"ఇంగిలీసు రాని ముసిలోడి తాడుకి ఎవడేలాడతాడు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని కాళ్ళు ఊపడం ఆపేశాడు. నలుగురిని అడిగాడట. నలుగురికీ ఆ తేదీనే పెళ్ళిళ్ళు ఉన్నాయట.

మా అక్క ఎదురుగా వాళ్ళ వంటింట్లోంచే తీర్పు చెప్పేసింది. "ఈడున్నాడు కదేటి! బల్లెక్కి బల్బు మార్చమంటే మంచం కోళ్ళు పట్టుకుంటాడు. ఈడికన్నా రాయి ముట్టుకోనోడు కలకత్తాలో ఇంకెవుడున్నాడు?"

నిజమే. నాకు ఎత్తంటే ప్రాణభయం. అప్పటికి నలభై నాలుగేళ్ళు వచ్చినా హౌరా వంతెన మీద నడిస్తే మధ్యలోనే నడిచేవాణ్ణి, బస్సులవాళ్ళు ఎన్ని బూతులు తిట్టినా. కాని ఆ గడప మీద ఆయన కాళ్ళు ఊపకుండా కూర్చోవడం చూసి, "సరే, వస్తాను. పడితే మా అక్క చేత నీకు విడాకులిప్పిస్తాను," అన్నాను.

హౌరాలో గౌహతి రైలెక్కాం. అక్కణ్ణించి జీపు. పరీక్ష చూసేది నీలాద్రే. ఆ నాటి కాలేజీ కుర్రాడికి ఇప్పుడు బట్టతల, కళ్ళజోడు, క్లబ్బు కార్యదర్శి పదవి. దారంతా నాకు ధైర్యం చెప్పాడు, అది విన్నకొద్దీ నాకు ఉన్నది కూడా పోయింది.

కొండ అడుగున నిలబడి పైకి చూశాను. బూడిదరంగు రాయి, నిలువునా చారలు, వాన తొలిచిన గుంటలు, కత్తుల్లాంటి అంచులు. మా బావ దాన్ని అరచేత్తో తట్టి, నడుముకున్న పొగాకు సంచిలోంచి సున్నం డబ్బీ తీసి నాకు చూపించాడు.

"ఇదే అది. కాల్చి నీళ్ళు పోస్తే ఇదయిపోద్ది. నలభయ్యేళ్ళుగా ఈ కొండని రోజూ ఇంతింత తింటన్నాను. ఇప్పుడది నన్ను తినదు కదేటి?"

"నిన్ను తినదు బావా, నీ పొగాకు కంపుకి. నా సంగతి చెప్పు."

ఎనిమిది గంటలకి మొదలయ్యాం. పన్నెండుకి పైన ఉండాలి. నా నడుముకి పట్టీలు బిగించాడు, తాడు ముడి వేశాడు, నీలాద్రి చేత లాగించాడు. తన ముడి వేసుకున్నాడు. డాక్ ముడి కాదు, క్లబ్బు చెప్పిన ఎనిమిది ముడి. తాడుతో ముందు ఎనిమిది అంకెలా మడత వేసి, నడుము పట్టీలోంచి తీసి, అదే దారిలో కొసని వెనక్కి నడిపించాలి. చివరి వంపు దాకా నడిపిస్తేనే అది ముడి. ఆయనకది నచ్చదు. "ఇది ముడి కాదు, ముగ్గు," అనేవాడు. పరీక్ష కాబట్టి అదే వేశాడు. అది కూడా నీలాద్రి లాగి చూశాడు.

తర్వాత ఆయన గోడ ఎక్కాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, బొజ్జ, కాలికి బిగుతు బూట్లు. ఏమాత్రం తొందర లేదు. మా సందులో మెట్లెక్కి డాబా మీదికి పోయినట్టే పోయాడు. దారిలో రాతిలో దిగ్గొట్టిన ఇనప రింగులకి తాడు తగిలిస్తూ, పాట పాడుతూ. పైనుంచి గొంతు వినబడింది: "రా మాస్టారూ! పట్టుకున్నాను!"

నేనెలా ఎక్కానో అడగొద్దు. మొదటి మజిలీలో ఏడ్చాను, రెండో మజిలీలో ఏడుపుకి ఊపిరి చాలలేదు. చెయ్యి పెట్టిన గుంటలో బల్లి ఉంటే ఎక్కువ భయం వేస్తుందా, కిందికి చూస్తే ఎక్కువ భయం వేస్తుందా అని ఒకచోట తీరిగ్గా ఆలోచించాను. బల్లే నయం అనిపించింది. జారినప్పుడల్లా తాడు జానెడు కూడా వదలకుండా నన్ను పట్టింది. పైనుంచి ఆయన, "మీ అక్క నిన్ను గారాబంగా పెంచి ఇంత బరువు సేసింది," అని తిట్టేవాడు. ఆ తిట్టు వింటే ప్రాణం లేచొచ్చేది.

మూడో మజిలీ చివర ఒక అరుగుంది, మా ఇంటి గడపంత వెడల్పు. నన్ను గొలుసుకి కట్టేసి కూర్చోబెట్టాడు. అప్పటికి పదకొండూ పది. మిగిలింది ఒక్క మజిలీ. అరగంట పని. నీలాద్రి వేరే తాడు మీద మాకంటే ఒక మేడ ఎత్తు పైన ఉన్నాడు. "బంగార్‌దా, బోర్డు మీద రంగు ఆరబెట్టుకో!" అని బెంగాలీలో అరిచాడు. మా బావ సిగ్గుపడి నవ్వడం నేను విన్నది అప్పుడే.

సరిగ్గా అప్పుడు తాడు ఒక రాతిపన్ను కింద ఇరుక్కుంది. ఎంత లాగినా రాలేదు. ఆయన తను కూడా గొలుసుకి తగులుకుని, నడుము దగ్గర ముడి విప్పి, ఆ కొసని రాతిపన్ను కింద నుంచి లాగి విడిపించుకున్నాడు. మళ్ళీ నడుముకి ముడి వేసుకున్నాడు. ఆ ముడి నీలాద్రితో ఏదో మాట్లాడుతూనే వేసుకున్నాడు. వేసుకుని నా వైపు తిరిగాడు.

"మాస్టారూ, ఓపాలి లాగి సూడు."

నేను ఆ అరుగు మీద కూర్చున్న క్షణం నుంచి కళ్ళు మూసుకునే ఉన్నాను. వీపు రాతికి ఆనించి, రెండు చేతులతో గొలుసు పట్టుకుని, ఎక్కాలు వల్లించుకుంటున్నాను. పదిహేడో ఎక్కం. ఒక చెయ్యి గొలుసు నుంచి విడదీసి, తడుముకుంటూ ఆయన నడుము దగ్గర ఏదో తాడు తగిలితే వేలితో తాకి, చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. కళ్ళు తెరవలేదు. కాని నోరు మూతబడలేదు కదా.

"ఏటి బావా ఇది. సగం అల్లి ఒగ్గేసిన మా అక్క జడలా ఉంది."

నవ్వు వినబడుతుందని ఆగాను. వినబడలేదు. పెళ్ళినాటి నుంచి ముప్పై నాలుగేళ్ళలో నా ఎగతాళికి ఆయన నవ్వకపోవడం అదే మొదలు. తాడు తాడుకి రాసుకుంటున్న చప్పుడు మాత్రం వచ్చింది, చాలాసేపు. పరీక్ష వేళ ఈ వేళాకోళం ఏమిటని కోపం వచ్చిందనుకున్నాను.

"కీ హోలో?" అని పైనుంచి నీలాద్రి. ఏమైందని.

మా బావ నా ముడి విప్పి మళ్ళీ వేశాడు. గొలుసు గలగలమంది, రింగులు టక్కుమన్నాయి, మళ్ళీ నా ముడి మీద ఆయన వేళ్ళు తగిలాయి. సీసాలో నీళ్ళు తాగిన చప్పుడైంది. నా పక్కన కూలబడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మళ్ళీ లాగి సూడు."

"బాగుంది బావా."

"నిజంగా సూసినావా?"

"చూశాను. కళ్ళారా చూశాను." ఇరవయ్యో ఎక్కంలో ఉన్నాను అప్పటికి.

పైకి చేరేసరికి పన్నెండూ ఇరవై.

అవతలి వైపు కాలిబాట ఉంది. దానిమీద దిగొచ్చి నేను గడ్డిలో బోర్లా పడుకుని భూమాతని రెండు చేతులా కౌగలించుకున్నాను. దూరంగా చెట్టు కింద మా బావా నీలాద్రీ ఏదో మాట్లాడుకుంటున్నారు. నీలాద్రి తల అడ్డంగా ఊపుతున్నాడు, చేతులు తిప్పుతున్నాడు. మా బావ అతని చేతిలోంచి అట్ట తీసుకుని ఏదో రాశాడు, సంతకం కాబోలనుకున్నాను. తిరిగొచ్చి నా పక్కన కూర్చుని, సున్నం డబ్బీ తీసి, పొగాకు నలుపుకున్నాడు.

"ఫెయిలు, మాస్టారూ."

"ఇరవై నిమిషాలకేనా?"

"నీ నోటి దురద ఇరవై నిమిషాలు తినేసింది మరి." అని, అప్పుడు నవ్వాడు. గౌహతి దాకా నవ్వాడు. రైల్లో ఎదుటి సీటు వాళ్ళకి నన్ను చూపించి, "నా పేరు బోర్డెక్కకుండా సేసిన మహానుభావుడు ఈడే," అని చెప్పాడు.

ఆ మాట ఆరేళ్ళు చెప్పాడు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పాడు. దసరా పందిట్లో చెప్పాడు. మంగలి దగ్గర గెడ్డం మీద సబ్బుండగా చెప్పాడు. శిక్షగా ప్రతి ఆదివారం ఆయనకి సమోసాల్లాంటి వేడి వేడి శింగాడాలు నేనే తెచ్చి పెట్టాలి. బంగాళాదుంప కూర తక్కువైతే, "ఇందులోనూ సగమేనేటి?" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి గాని లోపల ముల్లులా ఉండేది. క్లబ్బువాళ్ళు ఎవరైనా సందులోకి వస్తే నేను వెనక గదిలోకి పోయేవాణ్ణి. నీలాద్రి మొహం ఎలా చూడను? పాతికేళ్ళు తాళ్ళు మోసిన మనిషికి బోర్డు మీద జానెడు చోటు రాకుండా ఒక వెకిలి మాటతో చేశాను. ఆ తర్వాత కూడా ఆయన తాళ్ళు మోస్తూనే ఉన్నాడు, బోర్డుకి దుమ్ము తుడుస్తూనే ఉన్నాడు.

ఇంకో చిన్న మార్పు వచ్చింది. ఆ కొండ నుంచి వచ్చాక ఆయన ముళ్ళు కొట్టువాడి చేతా, దారిన పోయేవాడి చేతా లాగించడం మానేశాడు. గవరయ్య ఇంటికొచ్చినప్పుడు ఎదురుగా ఉన్నా సరే, సందు దాటించి నన్నే పిలిచేవాడు. గోనెసంచి మూతి కట్టినా నేనే, దోమతెర కట్టినా నేనే. నన్ను ఏడిపించడానికే అనుకున్నాను. అందుకే ప్రతిసారీ రెండు వేళ్ళతో లాగి, నోటికొచ్చింది అనేసి పోయేవాణ్ణి. ఆయన ప్రతిసారీ వంగి మళ్ళీ చూసుకునేవాడు.

ఆయన పోయిన పదో రోజున నీలాద్రి వచ్చాడు. ఈసారి వెనక గదిలోకి పోవడానికి నాకు వీల్లేకపోయింది, వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తున్నది నేనే. నీలాద్రి మా బావ వాడిన తాడొకటి చుట్టచుట్టి తెచ్చాడు. మా అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరుకోలేక నేనే అన్నాను, "దాదా, ఆ రోజు ఆ ఇరవై నిమిషాలూ నా వల్లే పోయాయి. నేనలా అనకపోతే ఆయన పాసయ్యేవాడు."

నీలాద్రి కళ్ళజోడు తీసి నన్ను వింతగా చూశాడు. "ఇరవై నిమిషాలకి ఎవరు ఫెయిల్ చేస్తారు మాస్టర్‌మశాయ్? అరగంట దాకా వెసులుబాటుంది. నేను పాస్ అని రాసేశాను కూడా. ఆయనే కొట్టేయించాడు. ఎంత చెప్పినా వినలేదు."

సంచిలోంచి అట్ట తీశాడు, ఆరేళ్ళనాటి పరీక్ష కాగితం. నీలాద్రి రాసిన 'పాస్' మీద అడ్డగీత ఉంది. కింద మా బావ బెంగాలీ అక్షరాలు, ఒక్కొక్కటీ విడివిడిగా, కష్టపడి రాసినట్టున్నాయి.

"మూడో పిచ్ మీద నా ముడి సగమే పడింది. నాకు కనబడలేదు. మా బావమరిది చూసి పట్టుకున్నాడు."